మూడో బ్లాకు వాసన

1993 జూన్‌లో పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసరుగా చేరాను. బల్క్ డ్రగ్ అంటే మాత్ర కాదు, మాత్రలోకి వెళ్లే అసలు మందు. అది డ్రమ్ములకొద్దీ తయారవుతుంది. ప్రమాదకర రసాయనాలతో పనిచేసే చోట వైద్యుడు ఉండాలని చట్టం చెబుతుంది కాబట్టి నన్ను పెట్టుకున్నారు. రెండు మంచాల గది, ఒక కాంపౌండరు, ఒక ఆక్సిజన్ సిలిండరు, ఆ సిలిండరు తాళంచెవి మాత్రం స్టోర్సులో. హోదాకి ఆఫీసర్నే గానీ నేను జవాబు చెప్పుకోవలసింది పర్సనెల్ మేనేజరుకి. కార్మికుల హాజరు, సెలవు, శిక్ష చూసే మనిషే నా వైద్యాన్నీ చూసేవాడు.

మాది తెనాలి దగ్గర పల్లె. మా అన్నయ్య ఇక్కడి ప్రభుత్వరంగ కర్మాగారంలో పనిచేస్తుండటంతో నేనూ ఈ వైపు వచ్చి స్థిరపడ్డాను. ఇక్కడి మాట నా చెవికి పట్టడానికి చాలాకాలమే పట్టింది. వాసన మాత్రం త్వరగానే అలవాటైంది. నా చొక్కాలు మా ఆవిడ విడి బకెట్లో నానబెడుతోందని కొన్నాళ్లకు గానీ గమనించలేదు.

ఆ వానాకాలంలోనే మేనేజరుగారి దగ్గర్నుంచి ఒక నోట్ వచ్చింది. 'పురుష కార్మికులలో శరీర దుర్గంధము: కారణములు, నివారణోపాయములు' అనే విషయం మీద మూడో బ్లాకు కార్మికులకు నేను క్లాసు తీసుకోవాలట. కంపెనీ బస్సులో ఆఫీసు సిబ్బంది వాళ్ల పక్కన కూర్చోలేకపోతున్నారు, క్యాంటీన్‌లో వేరే బ్లాకుల వాళ్లు వాళ్ల బల్ల దగ్గరికి పోవడం లేదు, కనుక శుభ్రత నేర్పవలసిందని దాని సారాంశం. మూడో బ్లాకులో కడుపుపుండుకు వాడే ఒక మందు తయారయ్యేది. వాసన నాకూ తెలుసు. కుళ్లిన క్యాబేజీ, పాచిపోయిన ఉల్లిపాయ, వంటగ్యాసు లీకైనప్పటి వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది.

క్యాంటీన్ షెడ్డులో క్లాసు పెట్టాను. చెమటకు దానంతట దానికి వాసన ఉండదని, చంకల్లో, గజ్జల్లో ఉండే గ్రంథులు వదిలే జిడ్డు చెమటను ఒంటి మీది సూక్ష్మజీవులు తినడం వల్ల వాసన పుడుతుందని చెప్పాను. మగవాళ్లలో ఆ గ్రంథులు పెద్దవి, వెంట్రుకలు ఎక్కువ, పైగా బండపని. నైలాన్ బనియన్లు మానండి, నూలువి వేసుకోండి, ఎండలో ఆరేయండి, చంకలు గొరిగించుకోండి, స్నానం చేశాక పొడిగా తుడుచుకుని పటిక రాయండి, వెల్లుల్లి, కల్లు, గుట్కా తగ్గించండి అన్నాను. లోపలి జబ్బుల సంగతీ చెప్పాను. చక్కెర వ్యాధి ముదిరితే ఊపిరి మిగలపండిన పండులా ఉంటుంది, మూత్రపిండాలు చెడితే నోరు మూత్రం వాసన వేస్తుంది, కాలేయం చెడితే బూజు వాసన వస్తుంది. అంతా బుద్ధిగా విన్నారు. బయట వర్కింగ్ అవర్ పోతోందని సూపర్‌వైజరు గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడు వెనక నుంచి ఒక మనిషి లేచి నిలబడ్డాడు. దగ్గర్లోని లక్డారం ఊరివాడు, పేరు నర్సింలు. ముప్పై లోపు వయసు, దిట్టంగా ఉండేవాడు. తడిమందును తిప్పి నీరు పిండే సెంట్రిఫ్యూజ్ మీద పని.

"సారూ, నేను పొద్దుగాల ఓసారి, పొద్దూకి ఓసారి తానం జేస్త. శెనగపిండి రుద్దుకుంట, యాపాకు నీళ్లు పోస్కుంట, పటిక సుత రాసిన. కల్లు బందు జేసి ఏడాదాయె. ఇగ మీరు జెప్పినయన్నీ జేసినోనికి ఏం జెప్తరో జెప్పుండ్రి."

కొందరు నవ్వారు. అతను నవ్వలేదు. క్లాసు అయ్యాక నా గదికి రమ్మన్నాను.

వచ్చి స్టూలు మీద కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చుంటే గది వాసనొస్తుందని అతని భయం. అతని భార్య బాలమణి పుట్టింటికి పోయి అప్పటికి చాలా రోజులైంది. వాళ్లది సదాశివపేట అవతల ఊరు. అల్లుడికి లోపల కుళ్లు రోగం ఉందని, అందుకే ఒళ్లు కంపు కొడుతోందని అత్తవారు అనుమానపడ్డారు. దసరా వెళ్లాక కులపెద్దలు కూర్చుంటారు, తెగదెంపులు చేసి ఇడుపు కాయితం రాయిస్తారు. నర్సింలుకు కావలసింది ఒక్కటే, తనకు రోగం లేదని డాక్టరు మాట. భార్యను మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలి.

పరీక్ష మొదటి నుంచి చేశాను. పళ్లు, చిగుళ్లు, చెవులు, చంకలు, కాలివేళ్ల సందులు చూశాను. మూత్రంలో చక్కెర లేదు. రక్తం సంగారెడ్డి పంపించి కాలేయం, మూత్రపిండాలు చూపించాను. అన్నీ బాగున్నాయి. నా సర్వీసులో చూసిన శుభ్రమైన మగవాళ్లలో అతనొకడు. కానీ వాసన ఉంది. చంకల్లో కన్నా తలవెంట్రుకల్లో, గోళ్ల మూలల్లో ఎక్కువగా ఉంది. ఊపిరిలోనూ ఉంది. కళ్లు మూసుకోమని కర్పూరం, ఇంగువ, కాఫీపొడి ఒక్కొక్క సీసా ముక్కు కింద పెట్టాను. మూడోది అయ్యాక, "ఏంది సారూ, ఉత్త సీసాలు పెడ్తున్నరు?" అన్నాడు. ముక్కు పూర్తిగా చచ్చిపోయింది. తన వాసన తనకు తెలియదు, పక్కవాళ్ల మొహాలు చూసి తెలుసుకునేవాడు. మిగతావాళ్లను కూడా పిలిచి చూశాను. చాలామందికి ముక్కు మందగించింది గానీ ఇతనిలా ఎవరికీ పూర్తిగా పోలేదు.

మర్నాడు పర్మిషన్ తీసుకుని మూడో బ్లాకుకు వెళ్లాను. మందు తయారయ్యేటప్పుడు, రసాయనాలు కలిపి ఉడికించే రియాక్టరు నుంచి మెర్‌కాప్టాన్ అనే ఆవిరి వస్తుంది. ఇంట్లో సిలిండరు లీకైతే తెలియడానికి కలిపే పదార్థానిది కూడా అదే జాతి, రవ్వంత చాలు ముక్కు పట్టేస్తుంది. ఆ ఆవిరి బయటికి పోకుండా స్క్రబ్బరు అనే పొడవాటి గొట్టంలోకి పంపి, పైనుంచి హైపో చల్లుతారు. హైపో అంటే బట్టలకు వాడే బ్లీచింగు నీళ్లే, ఇంకా చిక్కనివి. అది ఆ వాసనను విరిచేస్తుంది. అంతవరకు ఏర్పాటు బాగానే ఉంది. తర్వాత తడిముద్దగా ఉన్న మందును సెంట్రిఫ్యూజులో వేసి నీరు పిండి, మూతతీసి, మనిషి వంగి పారతో డ్రమ్ముల్లోకి ఎత్తుతాడు. అక్కడ ఏ గొట్టమూ లేదు. మోచేతుల దాకా ముద్ద, మొహం నిండా ఆవిరి. గ్లవ్స్ వేళ్ల దగ్గర చిరిగి ఉన్నాయి. ఆ పదార్థం చర్మంలోకి, వెంట్రుకల్లోకి ఇంకుతుంది, కొంత ఒంట్లోకీ పోతుంది. ఎంత పోతుందో కొలిచే సాధనం మా దగ్గర లేదు.

షిఫ్టు దిగాక వీళ్లు ఏం చేస్తారో చూద్దామని నిలబడ్డాను. స్నానాలగది లేదు. కూలింగ్ టవరు పక్కన ఒక కుళాయి ఉంది. నెలనెలా కంపెనీ ప్రతి మనిషికీ ఒంటిసబ్బు, బట్టలసబ్బు, బెల్లం ముక్క ఇచ్చేది. దుమ్ములో పనిచేసేవాడు బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని ఒక నమ్మకం. ఆ సబ్బులు ఇక్కడ ఎవరూ వాడరు. కాగితం చింపకుండా ఇంటికి పట్టుకెళ్తారు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు, పిల్లలు కంపెనీ సబ్బుతోనే స్నానం చేసేవారు, పండక్కి ఆడపడుచు వస్తే చీర మీద ఒక సబ్బు పెట్టి పంపేవారు. మరి మగవాళ్లు దేనితో కడుక్కుంటారు? స్క్రబ్బరు కింద ఉన్న హైపో డ్రమ్ములో తువ్వాలు ముంచి మొహం, మెడ, చేతులు తుడుచుకుంటున్నారు. దగ్గరికి పోయి నర్సింలు చేతులు తిప్పి చూశాను. చర్మం ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది.

ఇదెవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదట. "పైపుల వాసనకు గదే గద సారూ పోసేది? పైపుది పోంగ మనది పోదా?" అన్నాడు.

అతని లెక్క పూర్తిగా తప్పని అనలేను. హైపోతో వాసన నిజంగానే కాసేపు తగ్గుతుంది. కానీ గొట్టం ప్లాస్టిక్‌ది, ఇతనిది చర్మం. హైపో పైపొరను తినేస్తుంది, పగిలిన చర్మంలోంచి మర్నాడు మరింత ముద్ద లోపలికి పోతుంది. వాసన పోవడానికి వాడే మందే వాసనను లోపలికి పంపిస్తోందని వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాను. తలలూపారు. సాయంత్రం మళ్లీ చూస్తే తువ్వాళ్లు డ్రమ్ములోనే ఉన్నాయి. వేరే దారి చూపించకుండా ఉన్న దారి మూసుకోమంటే ఎవరు వింటారు?

ఆ దారి చూపించమనే రిపోర్టు రాశాను. సెంట్రిఫ్యూజు మీద ఆవిరి లాగే గొట్టం పెట్టాలి, గ్లవ్స్ చిరిగిన రోజే మార్చాలి, షిఫ్టు చివర వేడినీళ్లతో స్నానానికి గదులు కట్టాలి, ప్రతివాడికీ రెండు బీరువాలు ఇవ్వాలి. ఒకటి పనిబట్టలకు, ఒకటి ఇంటిబట్టలకు. పనిబట్టలు గేటు దాటకూడదు, కంపెనీలోనే ఉతకాలి. సబ్బు స్నానాలగదిలోనే ఉండాలి. ముక్కు పనిచేయని నర్సింలును ఆవిరి లేని చోటుకు మార్చాలి, ఎందుకంటే ఆ బ్లాకులో ముక్కే మొదటి అలారం.

మేనేజరుగారు నన్ను పిలిపించి టీ ఇప్పించారు. క్లాసు తీసుకోమంటే బిల్డింగు ప్లాను రాశారేమిటి డాక్టరుగారూ అని నవ్వారు. వాసన బ్లాకులోంచి వస్తోందని కాగితం మీద ఉండకూడదని, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఫైళ్లు చూస్తాడని, ఆ వాక్యం తీసేసి మళ్లీ ఇమ్మని అన్నారు. తీయలేదు. రిపోర్టు ఆయన సొరుగులోకి వెళ్లింది. దాని బదులు రెండు చర్యలు అమలయ్యాయి. మూడో బ్లాకులో తలకో టాల్కం పౌడరు డబ్బా పంచారు. బస్సులోంచి వాళ్లను దింపేసి, సామాను వ్యానుకు టార్పాలిన్ కట్టి అందులో పంపడం మొదలుపెట్టారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు, అక్కడ కాకికి ఆ పుండు కనిపించను కూడా లేదు. నాకు ఒళ్లు మండింది. ఇన్‌స్పెక్టరుకు విడిగా రిపోర్టు ప్రతి ఒకటి పంపాను. చట్టంలో తెలియపరచవలసిన వృత్తి వ్యాధుల పట్టిక ఒకటుంది, దానిలో మీరు రాసినది లేదని జవాబు వచ్చింది. శరీర దుర్గంధం జబ్బు కాదు, నిజమే.

కంపెనీ కాగితం మీద నర్సింలుకు సర్టిఫికెట్ ఇవ్వకూడదన్నారు. సరే, కాగితం లేకపోతే నోరుంది కదా అని పంచాయతీ జరిగే ఆదివారం నేనే వెళ్లాను. బాలమణి వాళ్ల ఊరి హనుమాండ్ల గుడి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. నర్సింలు దూరంగా, గాలి తన వైపు నుంచి వాళ్ల వైపు వీచకుండా చూసుకుని కూర్చున్నాడు. అన్ని పరీక్షలు చేశానని, ఇతనికి ఏ రోగమూ లేదని, అంటుకునేది అసలే కాదని చెప్పాను.

బాలమణిని మాట్లాడమన్నారు. సన్నగా ఉన్న మనిషి, మాట మాత్రం తడబడలేదు.

"నా మొగడు మంచోడే సారూ. కొట్టడు, తిట్టడు. గని పక్కల పండుకుంటె కడుపుల దేవుతది, తిన్నది తిన్నట్టె బయటికొస్తది. నేను కావాలని అంటలేను. రోగం లేదంటున్నరు గద, మరి వాసన యాడికెల్లి వస్తుంది?"

పని దగ్గర్నుంచి వస్తోందన్నాను. అరుగు మీది పెద్దాయన వెంటనే, అయితే ఆ పని ఇడువురా అన్నాడు. నర్సింలు తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"పని ఇడిస్తె బువ్వ ఎవలు పెడ్తరు పెద్దయ్యా? బోర్ల నీళ్లు ఎర్రగొస్తున్నయ్. చేన్ల గడ్డి సుత మొలుస్తలేదు."

కంపెనీల మురుగు దిగిన ఆ నీళ్ల సంగతి వాళ్లకు వివరించాల్సిన పని లేదు. చివరికి తీర్పు ఇదీ: దీపావళి అయ్యాక బాలమణి మొగుడింటికి పోవాలి. సంక్రాంతి దాకా చూడాలి. వాసన తగ్గకపోతే తెగదెంపులే, డాక్టరు వచ్చినా సరే, ఎవరొచ్చినా సరే. తిరిగివచ్చేటప్పుడు నర్సింలు నా స్కూటరు వెనక కూర్చున్నాడు. హైపో ముట్టుకోవద్దని దారిపొడుగునా చెప్పాను. అన్నింటికీ సరే సారూ అన్నాడు.

బాలమణి వచ్చింది. ఆ కొన్ని వారాలు నర్సింలు మొహంలో వెలుగు చూశాను. వాసన కూడా తగ్గింది. ఎలా తగ్గిందని అడిగితే యాపాకు నీళ్లేనన్నాడు. చేతులు మాత్రం చూపించలేదు, జేబుల్లో పెట్టుకునేవాడు. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఖాళీ నూనె డబ్బాలో హైపో పోసుకుని, అన్నం టిఫిను కింద సంచిలో పెట్టుకుని రోజూ ఇంటికి తీసుకెళ్తున్నాడు. ఇంటి స్నానాలగదిలో బకెట్టు నీళ్లలో అది కలిపి తల నుంచి కాళ్ల దాకా పోసుకుంటున్నాడు. అది ఏమిటో బాలమణికి చెప్పలేదు. కంపెనీ మందు అన్నాడట.

ఒకనాడు మధ్యాహ్నం ఊళ్లోకి బాత్‌రూం యాసిడ్ అమ్మే బండి వచ్చింది. మొగుడు వచ్చేసరికి గది తళతళలాడాలని బాలమణి ఒక సీసా కొని బండల మీద, గోడల మూలల్లో పోసి, నాననిమ్మని వదిలేసింది. సాయంత్రం వచ్చినవాడు నేరుగా స్నానానికి పోయాడు. రేకుల కప్పు, రేకుల తలుపు, కిటికీ లేదు. హైపో డబ్బా బకెట్లోకి వంచుతుంటే చాలాభాగం బండల మీదే పడింది. హైపో, యాసిడ్ కలిస్తే క్లోరిన్ పుడుతుంది. ముక్కున్నవాడు మొదటి గాలికే తలుపు తన్నుకుని బయటపడతాడు. ఇతనికి వాసన తెలియలేదు. కళ్లు మండాయి, దగ్గొచ్చింది, సబ్బు పడిందేమో అనుకుని ఇంకో చెంబు పోసుకున్నాడు. ఊపిరి అందక తలుపు మీద పడ్డ చప్పుడుకు ఆమె పరిగెత్తుకొచ్చింది.

నేను ఆస్పత్రికి చేరేటప్పటికి అతని నోట్లోంచి నురగ వస్తోంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. బతికాడు, కానీ ఆ తర్వాత పదడుగులు నడిస్తే ఆగి గోడ పట్టుకోవలసిందే. వార్డు బయట బాలమణి నా చెయ్యి పట్టుకుంది.

"నేనే పోస్తిని సారూ యాసిడు. ఊరంత నన్నే అంటున్నరు. నేనే సంపుకున్ననా?"

కాదన్నాను. గది కడగడం తప్పు కాదని, డబ్బాలో ఏముందో నీకెవరూ చెప్పలేదని, ఇది నీ ఇంట్లో మొదలైన పని కాదని గట్టిగానే, చుట్టూ ఉన్నవాళ్లు వినేట్టు చెప్పాను. ఆమె విన్నదో లేదో నాకు తెలియదు.

తర్వాతది ఆఫీసు వ్యవహారం. కార్మిక బీమా నిబంధన ప్రకారం పరిహారం రావాలంటే గాయం పనిలో, పనివల్ల కలగాలి. ఇతనికి సొంత ఇంటి స్నానాలగదిలో కలిగింది, కనుక రాదు. కంపెనీ ఇంకో అడుగు వేసింది. రసాయనం బయటికి తీసుకెళ్లడం దొంగతనమని అభియోగపత్రం ఇచ్చి విచారణ పెట్టింది. గోరుచుట్టు మీద రోకలిపోటు. సాక్షిగా నన్ను పిలిచారు. ఆ డబ్బాలో ఉన్నది కంపెనీ హైపోయేనా అని అడిగారు. అవునన్నాను. ఎందుకు పట్టుకెళ్లాడో చెప్పబోతే, అభియోగానికి సంబంధించిన మేరకే జవాబివ్వండి అని విచారణాధికారి ఆపాడు. మొండిగా మిగతాదీ చెప్పాను. అది రాసుకోలేదు. నర్సింలు ఆయాసపడుతూ బెంచీ మీద కూర్చుని విన్నాడు. ఏమైనా చెప్పుకుంటావా అంటే, "డబ్బెడు నీళ్ల కోసం గాదు సారూ, ఆడిది ఇంట్ల ఉండాలని తీస్కపోయిన" అన్నాడు. అభియోగం ఒప్పుకున్నట్టు రాసి, ఉద్యోగంలోంచి తీసేశారు.

రెండేళ్ల తర్వాత మూడో బ్లాకు వెనక స్నానాలగదులు, బీరువాలు వచ్చాయి. నా రిపోర్టు వల్ల కాదు. మందు కొనడానికి విదేశాల నుంచి వచ్చే తనిఖీదారులకు చూపించడానికి కట్టారు. అవి పర్మినెంటు కార్మికులకు మాత్రమే. తడిముద్ద ఎత్తే పని, డ్రమ్ములు కడిగే పని అప్పటికే కాంట్రాక్టు మేస్త్రీ చేతికి ఇచ్చేశారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం డ్రమ్ము అంచుకు చెయ్యి కోసుకున్న ఒక ఆడమనిషిని నా గదికి తీసుకొచ్చారు. ఆమె గడప దాటకముందే వాసన వచ్చింది. తలెత్తి చూస్తే బాలమణి. ఏడాదిగా మేస్త్రీ కింద డ్రమ్ములు కడుగుతోందట. నర్సింలు ఇంటి దగ్గరే ఉంటున్నాడు, వంట అతనే చేస్తాడు. నేను కుట్లు వేస్తుంటే నా మొహం చూసి అడిగింది.

"వస్తున్నదా సారూ?"

వస్తోందన్నాను. అబద్ధం చెప్పి లాభం లేదు.

"ఆయినకు తెల్వది. గందుకే ఇంట్ల లొల్లి లేదు" అని చెయ్యి అందించింది, ఇంకో కుట్టుకు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఒంటివాసనకు కారణాలు అడిగితే ఏ వైద్యుడైనా చెమట, శుభ్రత, తిండి, జబ్బు అని చెబుతాడు. పారిశ్రామికవాడలో వీటికన్నా ముందు అడగవలసినది ఆ మనిషి ఏ బ్లాకులో పనిచేస్తాడు, దేన్ని ముట్టుకుంటాడు అని. స్నానం, పటిక, నూలుబట్ట ఒంట్లో పుట్టిన వాసనకు పనికొస్తాయి. యంత్రం దగ్గర పుట్టిన వాసనను యంత్రం దగ్గరే ఆపాలి. ఆపకపోతే మనిషి తనకు తోచిన మందు తాను వెతుక్కుంటాడు. ఆ మందు వల్ల ఏం జరిగినా అది నేరమని రాసుకోవడానికి ఆఫీసులో కాగితం సిద్ధంగా ఉంటుంది. ఇక అతను ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉండదు. ఆ ఇంటి నుంచే ఇంకొకరు వస్తారు.